పచ్చి సోయాకాయ రకాలు: చలి ఒక్కటే చూస్తే సరిపోదు

చలికాలం మొదలయ్యాక విజయనగరం, పార్వతీపురం వైపు సంతల్లో పచ్చి కందికాయలు కుప్పలుగా పోసి అమ్ముతారు. తెచ్చి, కడిగి, ఉప్పేసి ఉడకబెట్టి పళ్ళెంలో పోస్తే ఇంటిల్లిపాదీ చుట్టూ కూర్చుని ఒలుచుకు తింటారు, దానికి కూరా అక్కర్లేదు అన్నమూ అక్కర్లేదు. జపాన్ వాళ్ళ ఎడమామే అచ్చంగా ఇలాంటి తిండే. కంది బదులు సోయా చిక్కుడు, అంతే తేడా. గింజ ముదిరి పసుపు తిరగకముందే, కాయ ఇంకా పచ్చగా ఉండగానే కోసి, ఉప్పునీళ్ళలో అయిదారు నిమిషాలు ఉడికించి, తొక్క వదిలేసి గింజ తింటారు. పచ్చిగా మాత్రం తినకూడదు, సోయాలో అరుగుదలకు అడ్డుపడే పదార్థాలు ఉంటాయి, ఉడికితేనే వాటి బలం తగ్గుతుంది. జపాన్ భాషలో ఎడ అంటే కొమ్మ, మామే అంటే గింజ; కొమ్మలతో సహా కోసి కట్టలు కట్టి అమ్మేవాళ్ళు కాబట్టి ఆ పేరు. చైనాలో మావోదౌ అంటారు, నూగు గింజ అని అర్థం, కాయ నిండా నూగే కాబట్టి అదీ సరైన పేరే.

నూనె మిల్లుకు పోయే సోయానే పచ్చిగా కోస్తే ఎడమామే అయిపోతుందా అంటే, తినడానికి పనికొస్తుంది గానీ ఆ రుచి రాదు. పచ్చికాయగా తినే కూర రకాలు వేరుగా పెంచుకుంటూ వచ్చినవి. మామూలు సోయా ఎండు గింజలు వంద తూస్తే 10 నుంచి 15 గ్రాములుంటాయి, ఎడమామే రకాలవి 30 గ్రాములు దాటతాయి. చక్కెర ఎక్కువ, పసరు వాసన తక్కువ. జపాన్ మార్కెట్లో మంచి సరుకు అనిపించుకోవాలంటే అరకిలోకి 175 కాయలు మించకూడదు, కాయ 5 సెంటీమీటర్ల పొడవు, 1.4 సెంటీమీటర్ల వెడల్పు ఉండాలి, లోపల రెండు గింజలైనా ఉండాలి, పైన నూగు తెల్లగానో బూడిదరంగులోనో ఉండాలి. ఈ నూగు రంగు సంగతి గుర్తు పెట్టుకోవాలి, చలి దగ్గరికొచ్చేసరికి అదే అడ్డం తిరుగుతుంది.

శ్రీకాకుళం, విజయనగరం నుంచి వెళ్ళి సియాటిల్‌లోనో టొరంటోలోనో లండన్‌లోనో స్థిరపడ్డవాళ్ళు ఇప్పుడు ప్రతి ఊళ్ళోనూ ఉన్నారు. అక్కడి పెరట్లో గోంగూరా ఆనపా వేసినట్టే కొందరు ఎడమామే కూడా వేస్తున్నారు, వీడియో కాల్‌లో మొక్కలు చూపిస్తున్నారు. దాంతో రెండు ప్రశ్నలు వస్తాయి. చలి దేశంలో ఏ రకం వేస్తే కాయ చేతికొస్తుంది అనేది మొదటిది. ఆ చలికి తట్టుకున్న గింజలే ఇక్కడికి తెచ్చి అరకులోనో సీతంపేట కొండల్లోనో వేస్తే బాగా కాస్తాయి కదా, అక్కడా చలే కదా అనేది రెండోది. మొదటి ప్రశ్నకు మంచి జవాబైన రకమే రెండో ప్రశ్నకు చెడ్డ జవాబు అవుతుంది. ఎందుకో తెలియాలంటే సోయా మొక్క దేన్ని చూసి పూస్తుందో తెలియాలి.

మన చిక్కుడు పాదునే తీసుకుంటే తేలిగ్గా అర్థమవుతుంది. నాటు చిక్కుడు గింజ ఆషాఢంలో పెట్టినా, నెలా నెలన్నర ఆలస్యంగా పెట్టినా, తీగ పందిరంతా అల్లుకుని ఆకే వేస్తుంది తప్ప పూత పెట్టదు. పగలు తగ్గి రాత్రులు పెరిగాకే పూస్తుంది, సంక్రాంతికి కాయలు గుత్తులు గుత్తులుగా వేలాడతాయి. రథసప్తమి నాడు చిక్కుడుకాయలతో రథం కట్టి చిక్కుడాకుల్లో పరమాన్నం పెట్టి సూర్యుడికి నైవేద్యం ఇస్తారు, ఆ రోజు అరసవల్లి గుడి దగ్గర ఇసుక వేస్తే రాలదు. చిక్కుడు పెట్టడానికి పెద్దలు చెప్పే కారణాలు వేరే ఉన్నాయి గానీ, ఆ వేళకి పెరట్లో నిండుగా ఉండే పాదు అదే, అది పూసింది కూడా సూర్యుడి లెక్క ప్రకారమే.

సోయాది కూడా ఇదే స్వభావం. 1920లో అమెరికాలో గార్నర్, అల్లార్డ్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు పగటి పొడవుకీ పూతకీ సంబంధం ఉందని బయటపెట్టినప్పుడు వాళ్ళు వాడిన మొక్కల్లో పొగాకుతో పాటు బిలాక్సీ అనే సోయా రకం కూడా ఉంది. ఆ గింజల్ని కొన్ని వారాల తేడాతో విడతలు విడతలుగా విత్తారు, ముందు వేసినవీ వెనక వేసినవీ అన్నీ దాదాపు ఒకేసారి సెప్టెంబరులో పూశాయి. రాత్రి తగినంత పొడుగు అయితే తప్ప పూయని రకం అది. అన్ని సోయా రకాలూ అంత మొండిగా ఉండవు, కొన్నిటికి పగటి పొడవుతో పెద్దగా పట్టింపు లేదు, ఎండ వేడి సరిపడా అందితే చాలు పూసేస్తాయి. జపాన్‌లో వీటిని ఎప్పటినుంచో రెండుగా విడదీసి చూస్తారు: వసంతంలో విత్తి వేసవిలో కోసే వేసవి సోయా, పగలు తగ్గాక పూసే శరత్కాలపు సోయా. అమెరికాలో అయితే ఎంత త్వరగా పంటకొస్తుందన్న దాన్ని బట్టి మూడు సున్నాల నుంచి పది దాకా గ్రూపులు పెట్టారు, మూడు సున్నాలంటే కెనడా లాంటి ఉత్తరపు కొసకు, తొమ్మిదీ పదీ అంటే మనలాంటి ఉష్ణదేశాలకు.

చలి దేశం అనగానే అందరికీ చలే కనిపిస్తుంది, అక్కడి వేసవి పగలు ఎంత పొడుగో గుర్తుకు రాదు. జూన్ నెలాఖరులో శ్రీకాకుళంలో పగలు 13 గంటల పైచిలుకు, సియాటిల్‌లో 16 గంటలు, లండన్‌లో పదహారున్నర దాటుతుంది, స్వీడన్ దక్షిణ భాగంలో కూడా 17, 18 గంటల పగలు ఉంటుంది. అలాంటి చోట పగటి పొడవు చూసుకుని పూసే రకం వేస్తే అది జూలై అంతా, ఆగస్టు అంతా ఆకు వేసుకుంటూ పోతుంది, సెప్టెంబరులో పూత పెడుతుంది, కాయ పట్టేలోపు మంచు పడి మాడిపోతుంది. అందుకని అక్కడ రకాలు పోల్చేటప్పుడు మొదట చూడాల్సింది రుచి కాదు, గింజ సైజు కాదు, పగటి పొడవుతో నిమిత్తం లేకుండా పూస్తుందా లేదా అన్నదే.

రెండో లెక్క వేడిది. విత్తనాల పొట్లం మీద 75 రోజులు అని రాసి ఉంటుంది, దాన్ని నమ్మి లెక్కేసుకునే చాలామంది నిరాశపడతారు. సోయా పెరుగుదలకు సుమారు 10 డిగ్రీలు కనీసం, అంతకు పైనున్న వేడే దానికి కూలి కింద లెక్క. సియాటిల్‌లో జూలై సగటు దాదాపు 19 డిగ్రీలు, అంటే రోజుకి 9 పాళ్ళు. మన తీరంలో అదే జూలైలో సగటు 29 దగ్గర ఉంటుంది, అంటే 19 పాళ్ళు. ఇక్కడి ఒక్క రోజు అక్కడి రెండు రోజులతో సమానమన్నమాట. వేడి మరీ ఎక్కువైనప్పుడు ఈ లెక్క ఇంత నేరుగా పనిచేయదు గానీ చలి వైపు మాత్రం బాగానే సరిపోతుంది. వేసవి వెచ్చగా ఉండే చోట 75 రోజులు పట్టిన రకానికి చల్లటి తీరప్రాంతంలో మూడు నెలలు, ఒక్కో ఏడు ఇంకా ఎక్కువ పడుతుంది. కాబట్టి పొట్లం మీద అంకెను గడువులా కాకుండా, ఒక రకాన్ని ఇంకో రకంతో పోల్చుకునే కొలతలా మాత్రమే వాడుకోవాలి. 75 అని రాసిన రకం 85 అని రాసినదాని కన్నా ముందొస్తుంది, అది మాత్రం నిజం.

ఇప్పుడు రకాలు. చలికి గట్టివాటిలో ముందు వరసలో చెప్పాల్సింది ఫిస్కెబీ. స్వీడన్‌లో స్వెన్ హోల్మ్‌బెర్గ్ అనే ఆయన ఆసియా తూర్పు కొసనున్న చలి దీవుల నుంచి సేకరించిన సోయాలతో ఏళ్ళ తరబడి కష్టపడి తయారుచేసిన రకాలివి. ఉత్తరాన 58 డిగ్రీల అక్షాంశం దగ్గర సోయా పండించడమంటే అప్పట్లో అయ్యే పని కాదనుకునేవాళ్ళు. ఫిస్కెబీ పగటి పొడవును దాదాపు పట్టించుకోదు, చల్లటి వేసవిలోనూ కాయ కట్టేస్తుంది. లోపం ఏమిటంటే గింజ చిన్నది, తీపి తక్కువ, అసలు ఎండు గింజ కోసం చేసిన రకం. ఇంకేదీ కాయని చోట ఇదొక్కటి కాస్తుంది కాబట్టి దానికి దండం పెట్టాలి గానీ, వెసులుబాటు ఉన్నవాళ్ళు తిండికి దీన్ని ఎంచుకోనక్కర్లేదు.

దాని తర్వాతి మెట్టు ఎన్వీ. అమెరికాలో న్యూ హాంప్‌షైర్ విశ్వవిద్యాలయంలో ఎల్విన్ మీడర్ తయారుచేసింది. మొక్క రెండడుగులు, ఎండినా గింజ ఆకుపచ్చగానే ఉంటుంది, త్వరగా వస్తుంది. కాత తక్కువ, కాయలు కాస్త చిన్నవి. ఇంగ్లాండు, కెనడా పెరళ్ళలో మొదటిసారి వేసేవాళ్ళు దీంతో మొదలుపెట్టడం తెలివైన పని, ఎందుకంటే మొదటి ఏడు ఎన్ని కాయలొచ్చాయన్న దానికన్నా అసలు కాయ చేతికందిందా అన్నదే ముఖ్యం, ఆ చోట ఎంత వేడి దొరుకుతుందో ఎన్వీ కాసిన తేదీయే చెప్పేస్తుంది.

ఎన్వీ ఆగస్టులోనే కోతకొచ్చే చోట ధైర్యంగా ఇంకో మెట్టు ఎక్కొచ్చు. టోహ్యా పొట్టి మొక్క, త్వరగా వచ్చేది, గింజ ఎన్వీ కన్నా పెద్దది. చిబా గ్రీన్ మూడు గింజల కాయలకు పేరున్నది. మిడోరి జెయింట్ గింజ నిజంగానే పెద్దగా ఉంటుంది. ఈ మూడింటిలో ఏది మేలు అన్నది విత్తనం ఎంత తాజాదో, ఆ ఏడు జూన్ ఎంత వెచ్చగా ఉందో వాటిని బట్టే ఎక్కువగా తేలుతుంది, మరీ తలబద్దలు కొట్టుకోనక్కర్లేదు. సయాముసుమే తీపిలో పై చేయి, కానీ వీటికన్నా వారం పది రోజులు వెనక, చల్లటి తీరంలో అది రెండు మూడు వారాల తేడా అవుతుంది. కొంచెం లోపలికి, వేసవి గట్టిగా కాసే ఊళ్ళలో ఉన్నవాళ్ళకి సయాముసుమే కన్నా మంచిది వెతకాల్సిన పని లేదు.

ఇక తాంబా నల్ల సోయా. జపాన్‌లో క్యోటో, హ్యోగో వైపు పండుతుంది, పచ్చికాయ అక్టోబరులో వస్తుంది, గింజ చాలా పెద్దది. అది అసలైన శరత్కాలపు రకం, చలి దేశంలో దాని జోలికి పోవద్దు.

దదచమామే గురించి మాత్రం కొంచెం ఆగి చెప్పుకోవాలి. జపాన్ ఉత్తరాన యమగాత ప్రాంతంలో త్సురుఒక అనే ఊరి చుట్టుపక్కల పండే రకం ఇది. ఉడుకుతుంటే బాస్మతి అన్నం వార్చినట్టు వాసనొస్తుంది. అది పోలిక కోసం చెప్పే మాట కాదు, రెండిట్లోనూ ఉన్నది ఒకటే పదార్థం, 2-ఎసిటైల్-1-పైరోలిన్. కాయ మీద నూగు గోధుమరంగు, చూడ్డానికి కాయ మాసినట్టుంటుంది, పైన చెప్పిన మార్కెట్ కొలతలో ఇది తేలిపోవాలి. కానీ రుచి తెలిసినవాళ్ళు రంగు చూడరు. నూగు రంగులో ఇంకో విశేషం కూడా ఉంది. జపాన్‌లో చలి దెబ్బ మీద జరిగిన పరిశోధనల్లో, గోధుమ నూగునిచ్చే జన్యువు ఉన్న సోయాలు పూత వేళ చలిని మెరుగ్గా తట్టుకుంటాయని తేలింది. అంటే మార్కెట్ కోరే తెల్ల నూగు ఒకవైపు లాగుతుంటే, చలికి కావాల్సిన గోధుమ నూగు ఇంకోవైపు లాగుతోంది. ఇంటికోసం వేసుకునేవాళ్ళకి ఈ తగువు లేదు, కాబట్టి త్వరగా వచ్చే రకాల్లో గోధుమ నూగువి దొరికితే చలి పెరట్లో వాటినే ముందు చూడటం మంచిది.

రకం ఎంత మంచిదైనా చల్లటి మట్టిలో తొందరపడి విత్తితే వృథా. సోయా గింజ నీళ్ళు పీల్చుకునే మొదటి రోజే చాలా సున్నితమైన ఘడియ, ఆ నీళ్ళు చల్లగా ఉంటే గింజ లోపలి పొరలు చితికిపోతాయి, తర్వాత ఎంత ఎండ కాసినా లాభం ఉండదు. పెద్ద గింజల రకాలకి ఈ బెడద మరీ ఎక్కువ. మట్టి 15 డిగ్రీలు దాటి ఇంకా వెచ్చబడుతున్నప్పుడే విత్తాలి, లేదా ఇంట్లో చిన్న కప్పుల్లో నారు పోసి రెండు మూడు వారాలకి నాటాలి. నల్ల ప్లాస్టిక్ షీటు పరిచి మట్టిని వెచ్చబెడితే నాలుగు రోజులు కలిసొస్తాయి. పూత వేళ రాత్రులు పదేపదే 15 డిగ్రీల కిందకి దిగితే పుప్పొడి సరిగ్గా తయారవదు, పూలు రాలిపోతాయి, గింజ లేని చదును కాయలు మిగులుతాయి. సాయంత్రం పూట పల్చటి గుడ్డ కప్పడం అందుకే.

మళ్ళీ మన వైపు వద్దాం. అరకు సముద్ర మట్టానికి 900 మీటర్ల ఎత్తున ఉంది, డిసెంబరు, జనవరి రాత్రుల్లో 10 డిగ్రీల కిందకి పడుతుంది, పొద్దున్నే పొగమంచు. చూస్తే చలి దేశమే. కానీ అక్కడ కూడా పగలు శ్రీకాకుళంలో ఉన్నంతే, ఎత్తుకి వెళ్తే చలి వస్తుంది తప్ప పగలు పెరగదు. ఆషాఢంలో 13 గంటలు, పుష్యంలో 11 గంటలు. ఎన్వీనో ఫిస్కెబీనో తెచ్చి ఇక్కడ వేస్తే, అసలే త్వరగా పూసే రకం, దానికి తోడు పొట్టి పగలు, పైగా వేడి. నెల తిరిగేలోపే జానెడు మొక్క మీద పూత వస్తుంది, మొక్కకి నాలుగైదు కాయలు కాసి ఆగిపోతుంది. చలికి తట్టుకోవడం అనుకున్న గుణం నిజానికి తొందరపాటు గుణం. పొట్టి వేసవిలో అది ప్రాణం నిలిపింది, ఇక్కడ అదే కాత తగ్గిస్తుంది. ఉష్ణదేశాల్లో సోయా నిలబడింది దీనికి సరిగ్గా వ్యతిరేకమైన గుణం వల్ల: పగలు పొట్టిగా ఉన్నా కొన్నాళ్ళు పూతను ఆపుకుని మొక్క పెరిగేదాకా ఆగే గుణం. బ్రెజిల్‌లో సోయా భూమధ్యరేఖ వైపు పాకడానికి ఆ గుణమున్న రకాలే కారణం.

ఇంకో సంగతి, శ్రీకాకుళం తీరంలో డిసెంబరు సగటు వేడి సియాటిల్ జూలై సగటు కన్నా ఎక్కువ. మన చలికాలం వాళ్ళ వేసవి కన్నా వెచ్చనిది. అందుకే ఇక్కడ "చలికి ఏ రకం" అని అడగడం కన్నా "పొట్టి పగటికి ఏ రకం" అని అడగడమే సరైన ప్రశ్న.

దానికి జవాబు దగ్గర్లోనే ఉంది. రాంచీలోని భారత వ్యవసాయ పరిశోధన మండలి కేంద్రం నుంచి స్వర్ణ వసుంధర అనే కూర సోయా రకం వచ్చింది, తైవాన్‌లోని ప్రపంచ కూరగాయల కేంద్రం నుంచి తెచ్చిన గింజల్లోంచి ఎంచింది. బెంగళూరు వ్యవసాయ విశ్వవిద్యాలయం నుంచి కరుణె అనే రకం వచ్చింది. రాంచీ 23 డిగ్రీల అక్షాంశం మీద పీఠభూమి, బెంగళూరు 13 డిగ్రీల మీద 900 మీటర్ల ఎత్తు. మన కొండలు 18 డిగ్రీల మీద ఈ రెండింటికీ మధ్యన ఉన్నాయి, ఎత్తులో అరకు అయితే బెంగళూరుకి సాటి. పటంలో ఇంత దగ్గరి చుట్టాలుండగా జపాన్ ఉత్తరపు కొసనున్న హొక్కైదో నుంచో స్వీడన్ నుంచో గింజ తేవడంలో అర్థం లేదు. పైగా సూట్‌కేసులో గింజలు తేవడం చట్టప్రకారం తప్పు కూడా, 2003 నాటి ప్లాంట్ క్వారంటైన్ ఆర్డర్ ప్రకారం అనుమతి పత్రం, అక్కడి మొక్కల ఆరోగ్య ధ్రువపత్రం లేకుండా విత్తనం దేశంలోకి రాకూడదు. విత్తనంతో పాటు వచ్చే తెగులు ఒక పెరటితో ఆగదు కాబట్టి ఈ నియమాన్ని గౌరవించాలి.

కొండ మీద అయితే తొలకరి పడ్డాక జూన్, జూలైలో నీరు నిలవని వాలు నేలలో వేయడం మేలు, మార్గశిరంలో వేస్తే పూత సరిగ్గా పెద్ద చలిలో పడుతుంది. మైదానంలో వరి కోసిన మడిలో వేసుకోవచ్చు గానీ మినుములా కోతకి ముందే చల్లేసి వదిలే పంట కాదిది, ఇంత పెద్ద గింజ తడి మట్టి మీద పడి ఉంటే కుళ్ళుతుంది, దున్ని పదును చూసి వరసల్లో విత్తాలి. పొట్టి పగటికి మొక్క ఎదగదు కాబట్టి దగ్గర దగ్గరగా, వరసకీ వరసకీ అడుగు, మొక్కకీ మొక్కకీ నాలుగు వేళ్ళు చాలు. విత్తనానికి సోయా రైజోబియం పట్టించడం మర్చిపోకూడదు. మన నేలల్లో పెసరకీ మినుముకీ వేరు బుడిపెలు కట్టే సూక్ష్మజీవి సోయాకి పెద్దగా పనికిరాదు, దానికి సొంత రైజోబియం కావాలి, అది లేకపోతే ఆకులు పాలిపోయి మొక్క గిడసబారుతుంది. వానాకాలంలో పొగాకు లద్దెపురుగు, కాండం ఈగ, ఆకు మీద తుప్పు తెగులు చూసుకుంటూ ఉండాలి.

విత్తనం దాచుకోవడం ఇంకా కష్టం. సోయా గింజ మొలక శక్తి తీరపు ఉక్కలో త్వరగా చచ్చిపోతుంది, పెద్ద గింజది మరీ త్వరగా. కర్రతో బాదితే పైపొర చిట్లుతుంది, చేత్తో ఒలిచి నీడన బాగా ఆరబెట్టి గాలి చొరని డబ్బాలో పెట్టి, వీలైతే ఫ్రిజ్‌లో కింది అరలో పెట్టాలి. వేసే ముందు ఇరవై గింజలు తడిగుడ్డలో కట్టి పదిహేనైనా మొలుస్తున్నాయో లేదో చూసుకుంటే దుక్కి వృథా కాదు.

కోత దగ్గర మాత్రం సియాటిల్‌కీ సీతంపేటకీ ఒకటే పద్ధతి. కాయలో గింజలు ఒకదానికొకటి తగిలేంత నిండి, తొక్క ఇంకా నిగనిగలాడే పచ్చదనంలో ఉండాలి, పసుపు జీర కనిపిస్తే ఆలస్యమైనట్టే. ఆ అదును చలి దేశంలో వారం పది రోజులు నిలుస్తుంది, ఇక్కడ ఎండకి మూడు నాలుగు రోజుల్లో దాటిపోతుంది కాబట్టి రోజూ మొక్క దగ్గరికి వెళ్ళి కాయ నొక్కి చూడాలి. కోసిన క్షణం నుంచే చక్కెర కరిగిపోవడం మొదలవుతుంది. పొద్దున్నే మంచు ఆరకముందే కోసి, పొయ్యి మీద నీళ్ళు మరిగేసరికి కాయ వంటింట్లో ఉండాలి.